చదవకుండా రాసిన ‘గుడ్’

ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు (మీరు నాకు పిల్లలే, కోపం తెచ్చుకోకండి) అప్పుడప్పుడు ఫోన్ చేసి, ‘మేడం, హోంవర్కు కాపీలు తొందరగా దిద్దడానికి ఏదైనా కిటుకు చెప్పండి’ అని అడుగుతుంటారు. నా దగ్గర కిటుకులు బోలెడున్నాయి. కాపీలు, అంటే పిల్లల నోటుపుస్తకాలు, నా అంత వేగంగా దిద్దే మనిషి జహీరాబాద్ మొత్తంలో లేదని మా స్టాఫ్‌రూములో పేరుండేది. ఆ పేరు పెట్టుకుని నేను చేసిన నిర్వాకం ఒకటి చెబుతాను. కిటుకు కావాలో వద్దో విన్నాక మీరే తేల్చుకోండి.

మాది ఊరి చివర, హైవే పక్కన ఉన్న హైస్కూలు. బొంబాయి లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయిందంటే వెనుక బెంచీల వాళ్లకు నా పాఠం వినిపించేది కాదు. వినిపించినా వాళ్లకు ఒరిగేదేమీ లేదని మా లెక్కల సారు అనేవాడు. ఆయన నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు గానీ మనిషి మంచివాడే.

బడి వదిలాక గంటసేపు పదో తరగతి పిల్లలు నా చుట్టూ చేరేవారు. పాఠం చదవడం, దాని కింద ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు రాయడం, ఇదీ వాళ్ల హోంవర్కు. ఇంటికి వెళ్లి రాసుకోండి అంటే అక్కడ చెప్పేవాళ్లెవరు? కొందరి ఇళ్లలో ఉర్దూ, కొందరి ఇళ్లలో తెలుగు, సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో కన్నడం. ఇంగ్లీషు ఎవరింట్లోనూ లేదు. అందుకని నేనే కూర్చోబెట్టి చేయించేదాన్ని. చేయించడమంటే ఏమిటనుకున్నారు? పెన్సిల్ పట్టుకుని, ‘ఒకటో ప్రశ్నకు జవాబు ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా’ అని పుస్తకంలో బ్రాకెట్ పెట్టేయడమే. రెండోదానికి ఇంకో బ్రాకెట్. పది నిమిషాల్లో పాఠం పూర్తి. జవాబు ఏ పేజీలో ఏ వరుసలో ఉందో మా పిల్లలు కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు. కథలో ఏం జరిగిందని అడిగితే మాత్రం నా మొహం చూసేవాళ్లు.

అయినా పాసయ్యేవాళ్లు. వరుసగా చాలా ఏళ్లు ఇంగ్లీషులో మా బడి పిల్లలెవరూ తప్పలేదు. నాకు శాలువా కప్పారు, ఫొటోలు తీశారు. నేను కూడా ఏదో సాధించాననే అనుకున్నాను.

ఇక కాపీలు దిద్దడం. తనిఖీకి వచ్చే అధికారి కాపీలు తిరగేసి ఎర్ర సిరా ఉందా లేదా అని చూసేవాడు. ప్రతి పేజీకీ టిక్కు, తేదీ, పొట్టి సంతకం, చివర ఒక మంచి మాట ఉండాలి. నా మంచి మాట ‘గుడ్’. ఎడమచేత్తో పేజీ తిప్పుతుంటే కుడిచెయ్యి దానంతటది నడిచేది. లెక్కల సారూ నేనూ పందెం వేసుకుని మరీ దిద్దేవాళ్లం. టీ వచ్చేలోపు నలభై కాపీలు అయిపోయేవి. ఉర్దూ చెప్పే ఆవిడ మా ఇద్దరికంటే పెద్దది, అందరం ఆపా, అంటే అక్కా, అనేవాళ్లం. ఆవిడ తన పిల్లల కాపీ ఒక్కటి ముందు పెట్టుకుని పావుగంట చదివేది. నా చెయ్యి చూసి, “అరే, కాపీలు దిద్దుతున్నవా, పోస్టాఫీసుల ముద్రలు కొడుతున్నవా?” అని నవ్వేది. నేనూ నవ్వేసి ఇంకో నాలుగు ముద్రలు కొట్టేదాన్ని.

ఆ ఏడు పదో తరగతిలో ఒకమ్మాయి ఉండేది. వాళ్లది చిరాగ్‌పల్లి దాటాక హైవే మీద దిగి లోపలికి నడిచి వెళ్లాల్సిన ఊరు. తండ్రి లేడు. తల్లి అల్లం చేలల్లో కూలికి పోయేది. పిల్ల చదువులో మధ్యరకం. కానీ నేను బ్రాకెట్ పెట్టాక కూడా కదలకుండా నిలబడి, “మరి గాయన గట్ల ఎందుకు చేసిండు మేడం?” అని కథలో మనిషి గురించి అడిగేది. నాకు ఇంటికి పోయే తొందర. “అది ప్రశ్నల్లో లేదమ్మా, పరీక్షకు రాదు” అని పంపించేసేదాన్ని. అలా ఎన్నిసార్లు పంపానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

దసరా సెలవులకు ముందు ఒక హోంవర్కు ఇచ్చాను. సెలవులు ఎలా గడపబోతున్నారో స్నేహితురాలికి ఉత్తరం రాయాలి. గైడులో రెడీగా ఒక ఉత్తరం ఉంది. అందులో పిల్ల హైదరాబాదు పోతుంది, జూ చూస్తుంది, బాబాయి ఐస్‌క్రీం కొనిపెడతాడు. ఏటా మా క్లాసంతా మూకుమ్మడిగా హైదరాబాదు పోయి అదే జూ చూసి అదే ఐస్‌క్రీం తినేది. ఆ నలభై కాపీలు కూడా బడి మూసే రోజు మధ్యాహ్నం దిద్ది ఇచ్చేశాను. ఆ పందెంలో లెక్కల సారు ఓడిపోయాడని బాగా గుర్తు.

సెలవులయ్యాక ఆ అమ్మాయి రాలేదు. వారం చూశాం, రెండు వారాలు చూశాం. పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా పైకి పంపే రోజులు దగ్గర పడుతున్నాయి. ఆ జాబితాలో పేరు లేకపోతే ఆ ఏడాదికి పరీక్ష లేనట్టే. హెడ్మాస్టరు గారు రిజిస్టరు ముందేసుకుని నన్ను పిలిచారు.

“ఏం జేద్దాం మేడం? పేరు పంపినంక పిల్ల పరీక్షకు రాకపోతె మన పర్సెంటేజి పోతది. తల్లిని కలిసి, చదువు బంద్ పెట్టినమని కాయితం మీద వేలిముద్ర తెస్తిరా, పేరు తీసేస్తం.”

నేను తల ఊపాను. నిజం చెప్పాలి కదా, ఆ క్షణంలో నాకూ పర్సెంటేజీయే గుర్తొచ్చింది. పిల్ల ఎక్కడుందో ఎలా ఉందో అన్న ఆలోచన దాని వెనకాల వచ్చింది.

మర్నాడు సాయంత్రం ఆపాను తోడు తీసుకుని ఆ ఊరు వెళ్లాను. తల్లి అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. మమ్మల్ని చూసి కంగారుగా చాప పరిచింది. పిల్ల ఏదమ్మా అంటే, మేనమామ వాళ్ల వెంట చెరకు కొట్టడానికి బీదర్ దిక్కు పోయిందని చెప్పింది. అతని భార్యకు నెలల పాప ఉంది. ఆవిడ చెరకు కొడుతుంటే పాపను ఎత్తుకునే మనిషి కావాలి. ఉగాదికి గానీ తిరిగి రారు. పరీక్షలు అంతకు ముందే అయిపోతాయి.

నాకు చిర్రెత్తుకొచ్చింది. “పదో తరగతి పిల్లను పంపుతావా అమ్మా! నాలుగు నెలలు ఆగితే ఏం పోయేది? తల్లివి, నీకైనా ఉండొద్దా?” అని గట్టిగానే అన్నాను.

ఆమె తల ఎత్తి నన్ను వింతగా చూసింది. “గదేంది మేడం గట్లంటున్నరు? మీరే మంచిదని రాసిచ్చిన్రు గద.”

“నేనా? నేనెప్పుడు రాశాను?”

“కాపీల రాసిన్రు, లాల్ పెన్నుతోని. మా తమ్ముడు వారం సంది ఇంటి సుట్టు తిరిగినా నేను పోనియ్యనంటిని. బిడ్డె అన్నది, అమ్మా, మేడంను అడుగుత, మేడం ఎట్లంటె గట్ల అని. ఇంగ్లీషుల రాసి అడిగిందంట. మీరు గుడ్ అని రాసిన్రంట. తెచ్చి నాకు సూపెట్టింది. సదువుకున్న మీరే మంచిదంటె ఇంక నేనేమంట?”

వేలిముద్ర కాగితం నా బ్యాగులోనే ఉంది, బయటికి తీయలేదు. ఆ కాపీ ఎక్కడుందమ్మా అని అడిగాను. బడి సంచి ఇంట్లో పెట్టి పొమ్మంటే వినలేదు, వెంట తీసుకుపోయింది, అందులోనే ఉంటదని చెప్పింది.

ఆదివారం ముగ్గురం బస్సెక్కాం, ఆపా, నేను, ఆ తల్లి. దారంతా నేను చెప్పబోయేది తయారు చేసుకున్నాను. ‘గుడ్ అని నీ ఇంగ్లీషుకు రాశానమ్మా, నువ్వు పోవడానికి కాదు.’ మంచి జవాబే. వింటే ఎవరైనా నమ్ముతారు. టీచరు పరువు నిలుస్తుంది, పిల్ల వెనక్కి వస్తుంది. ఆపా చెవిలో వేశాను. ఆవిడ, “చెప్పు. కాని గది నీకు నువ్వే చెప్పుకుంటున్నట్లుంది” అంది. నాకు కోపం వచ్చింది.

బస్సు దిగి ఆటోలో వెళ్తే చెరకు తోటల మధ్య పది పన్నెండు గుడిసెలు, మీద నీలం టార్పాలిన్లు. అందరూ తోటలో ఉన్నారు. ఆ పిల్ల ఒక గుడిసె ముందు పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని కాళ్లు ఊపుతోంది. మమ్మల్ని చూసి లేవబోయింది, పాప ఏడ్చింది, మళ్లీ కూర్చుంది. చెరకు ఆకులు గీసుకుని చేతుల మీద గీతలు పడ్డాయి. పాపను తల్లి అందుకుంది. నేను కాపీ తెమ్మన్నాను.

అప్పుడు, రోజులు గడిచిపోయాక, ఆ ఉత్తరం మొదటిసారి చదివాను. ఇంగ్లీషులో ఏడెనిమిది వరుసలు. స్నేహితురాలికి కాదు, ‘డియర్ మేడం’ అని నాకే రాసింది. తెలుగులో చెబితే ఇంతే: ‘సెలవుల్లో నేను జూకు పోవడం లేదు. మామయ్య వాళ్లతో చెరకు పనికి రమ్మంటున్నారు. అత్తకు చిన్న పాప ఉంది. అమ్మ వద్దంటోంది. మామయ్య రమ్మంటున్నాడు. మామయ్యే మాకు దిక్కు. నాకు పరీక్ష రాయాలని ఉంది. ఏం చేయాలో మీరు చెప్పండి. మీరు చెప్పినట్టు చేస్తాను.’ వరుసకు ఒక తప్పు ఉంది. అర్థం కానిది మాత్రం ఒక్కటీ లేదు. గైడు చూడకుండా, నా బ్రాకెట్ లేకుండా ఆ క్లాసులో ఇంగ్లీషు రాసిన పిల్ల ఆమె ఒక్కతే. దాని కింద నా ఎర్ర టిక్కు, తేదీ, పొట్టి సంతకం, ‘గుడ్’.

పోనీ తప్పులైనా దిద్దానా అంటే అదీ లేదు. ఒక్క తప్పు కింద గీత గీసినా ఆ వరుస నా కంట పడి ఉండేది.

“ఇంగ్లీషులో ఎందుకు రాశావే? నోటితో అడగొచ్చుగా?” అన్నాను.

“నోటితోని అడిగితె పక్కపొంట అందరు ఉంటరు మేడం. తెలుగుల రాస్తె దోస్తులు చదువుతరు. ఇంగ్లీషుల రాస్తె మీరొక్కరే చదువుతరు అనుకున్న.”

ఇక నా జవాబు బయటికి తీద్దామని నోరు తెరిచాను. అంతలో ఆ పిల్లే అంది, “మీరు గుడ్ అని రాసేసరికి మస్తు ఏడుపొచ్చింది మేడం. నేనెట్లైన ఫేలైతనని మీకు ఎర్కుంటది, గందుకె పొమ్మన్నరు అనుకున్న.”

బస్సులో తయారు చేసుకున్న జవాబు అక్కడితో సరి. ఆ పిల్ల ఇన్ని రోజులూ ఆ గుడిసె ముందు కూర్చుని, మా మేడం నన్ను వద్దనుకుంది అనే బరువు మోస్తోంది. దాని మీద ఇంకో అబద్ధం పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

“నేను చదవలేదమ్మా” అన్నాను. “నీ ఉత్తరం చదవలేదు. చదవకుండానే గుడ్ అని రాసేశాను. అందరికీ అట్లాగే రాశాను.”

ఆ పిల్లకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. “చదవలేదా?” అంది. మళ్లీ, “అసలుకే చదవలేదా?” అంది. నేను అడ్డంగా తల ఊపాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్ని. ఆ పిల్ల నా మొహంలోకి సూటిగా చూసి అడిగింది:

“మరి చదివితె ఏం రాస్తుంటిరి మేడం?”

“పోవద్దని రాసేదాన్ని. పరీక్ష రాయమని రాసేదాన్ని. ఆ సాయంత్రమే మీ ఇంటికి వచ్చేదాన్ని.”

అప్పటికి మేనమామ తోటలోంచి వచ్చాడు. నేను అనుకున్నట్టు మొరటువాడేమీ కాదు. మాకు నీళ్లిప్పించి, నిలబడే విన్నాడు. “నేను గుంజుకపోలె మేడం. బిడ్డ సరే అన్నది, అక్క సరే అన్నది, మీరు రాసిచ్చిన్రు. ఇప్పుడు తోల్కపోతనంటరు. పాపను ఎవలు జూస్తరు? మా ఇంటామె పని బంద్ జేస్తె ముకద్దం ఊకుంటడా?” ముకద్దం అంటే వాళ్లను పనికి తెచ్చిన పెద్ద. అతను అడిగినదాంట్లో తప్పేముంది?

జవాబు ఆ తల్లి చెప్పింది. పాపను భుజాన వేసుకుని జో కొడుతూ, “నేనుంట తీ, తమ్ముడు” అంది. “అల్లం చేన్ల కూలైతేంది, గీడైతేంది. బిడ్డను పోనీ.”

“పిల్లకు ఫికర్ లేదు” అంది ఆపా వెంటనే. “జహీరాబాద్‌ల ఆడపిల్లల హాస్టల్ ఉంది, వార్డెన్ నా దగ్గర చదువుకున్నదే. రేపు పొద్దున నేనే తీసుకపోయి చేర్పిస్త.”

మేనమామ పక్కన పెట్టిన కాపీ తీసి నా చేతిలో పెట్టి, “గట్లయితె మల్ల రాసియ్యున్రి” అన్నాడు. “అప్పుడు రాసిన్రు, పంపినం. ఇప్పుడు వద్దని రాయున్రి. రేపు మా ఇంటామె అడిగినా, ఊళ్లె ఎవలన్న అడిగినా సూపెట్టనీకి నాకు గావాలె.” అతనికి చదువు రాదు. రాసిన మాటంటే అతనికున్నంత గురి నాకు ఉండి ఉంటే ఈ కథే లేదు.

బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీశాను. పాత ‘గుడ్’ను అడ్డంగా కొట్టేసి, దాని కింద రెండు వరుసలు ఇంగ్లీషులో రాశాను. తెలుగులో రాయొచ్చు, కానీ ఆ పిల్ల నన్ను అడిగింది ఇంగ్లీషులో. తేదీ వేసి, ఈసారి నా పూర్తి పేరుతో సంతకం పెట్టాను.

“ఏం రాసిన్రు? సదువు బిడ్డా” అన్నాడు మామ.

ఆ పిల్ల కాపీ అందుకుని రెండు వరుసలూ మనసులో చదువుకుంది. పెదాలు కదలడం కనిపిస్తోంది. ఒకసారి నా వైపు చూసింది. తర్వాత గట్టిగా, తెలుగులో చెప్పింది: “ఈ పిల్ల పరీక్ష రాయాలె, ఇప్పుడే బడికి పంపున్రి, అని రాసిన్రు మామా.”

మామ వేలితో కింది వరుస చూపించాడు. “ఇంకో లైన్ ఉన్నది గద?”

“గది సంతకం లెక్క మామా” అంది.

అది సంతకం కాదు. నేను అక్కడ ‘నీ ఉత్తరం చదవకపోవడం నా తప్పు, నన్ను క్షమించు’ అని రాశాను. ఆ పిల్ల మొహంలో ఏ మార్పూ లేదు. కాపీ మూసి మామకు ఇచ్చేసింది. సంచి తెచ్చుకోవడానికి గుడిసెలోకి వెళ్లింది.

తర్వాత సంగతులు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సోమవారం హెడ్మాస్టరు గారికి వేలిముద్ర లేని కాగితం తిరిగి ఇచ్చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ పిల్ల పేరు జాబితాలో రాశారు. ఆ పిల్ల హాస్టల్లో ఉండి పరీక్ష రాసింది. లెక్కల్లో గట్టెక్కింది, ఇంగ్లీషులో బాగానే వచ్చాయి. తల్లి ఉగాదిదాకా ఆ గుడిసెలోనే ఉండిపోయింది. నా తొందరకు ఆమె కట్టిన మూల్యం అది. దాన్ని నేను ఎలా తీర్చగలను? తీర్చలేదు కూడా.

ఆ తర్వాత నేను కాపీలు దిద్దడంలో బాగా వెనకబడ్డాను. రోజుకు ఎనిమిది, మహా అయితే పది. తనిఖీకి వచ్చిన అధికారి ‘కాపీలు పూర్తిగా దిద్దలేదు’ అని రాసి నాకు మెమో ఇప్పించాడు. లెక్కల సారు పందేనికి పిలిచి పిలిచి విసిగిపోయాడు. సాయంత్రం గంటలో బ్రాకెట్లు మానేసి, ‘ఆయన అట్లా ఎందుకు చేశాడంటారు?’ అని నేనే పిల్లల్ని అడగడం మొదలుపెట్టాను. రెండేళ్లకు మా బడిలో ఇద్దరు ఇంగ్లీషు తప్పారు. శాలువా కప్పినవాళ్లు మళ్లీ కనిపించలేదు. పోనీలెండి.

ఆ ఆదివారం తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగానే ఉంది. ఆపా ముందు సీట్లో కునుకు తీస్తోంది. పిల్ల నా పక్కన, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. ఉండబట్టలేక అడిగాను.

“రెండో వరుస చదవలేదేమే? అది సంతకమని చెప్పావెందుకు?”

ఆ పిల్ల నన్ను చూసిన చూపులో కోపం లేదు. పాఠం అర్థం కాని పిల్లకు నచ్చజెప్పే పద్ధతిలో నెమ్మదిగా చెప్పింది.

“గది మామకు రాయలె గద మేడం. నాకు రాసిన్రు. నేను చదువుకున్న.”